సెలవు దినములలో నమూనా రైలుపెట్టెల నిర్మాణము

సెలవులనగా పని లేని దినములని పలువురు తలంతురు. అది సరియైన తలంపు కాదు. పాఠశాల జరుగు దినములలో గంట మ్రోగగానే ఒక పుస్తకము మూసి మరియొక పుస్తకము తెరువవలెను. చేపట్టిన పని సగములో నుండగనే విడువవలెను. సెలవులలో నట్లు కాదు. ఉదయమున మొదలిడిన పనిని సాయంకాలము వరకును, చాలనిచో మరునాటి వరకును, తుదముట్టునట్లు సాగింపవచ్చును. కావున మొదటినుండి చివరివరకు ఒకే చేతితో పూర్తిచేయవలసిన పనులకు సెలవులే తగిన కాలము. అట్టి పనులలో రైలుపెట్టెల నమూనాలను కూర్చుట యొకటి. దీనిని గూర్చి మన విద్యార్థినీ విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును కొన్ని సంగతులు తెలుపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన ఊరును, రైలును

సుబేదారిలో నివసించువారికి రైలు క్రొత్త వస్తువు కాదు. నిజాము ప్రభుత్వపు సుబేదారు నివాసమునుబట్టి మన పేటకు ఈ పేరు వచ్చినది. ఆ ప్రభుత్వపు కాలముననే వాడినుండి సికింద్రాబాదునకు 1874లో రైలుదారి వచ్చినది. అది తూర్పుగా సాగి ఓరుగల్లు మీదుగా 1889లో బెజవాడను చేరినది. తరువాత కాజీపేటనుండి ఉత్తరముగా బల్లార్షావరకు దారి వేయబడి 1929లో పూర్తియైనందున, మద్రాసునుండి ఢిల్లీకి పోవు బండ్లు మన కాజీపేట మీదుగా పోసాగెను. సింగరేణి గనుల బొగ్గు నింపుకొని పోవు పొడవైన గూడ్సు బండ్లను గేటు వద్ద నిలిచి లెక్కపెట్టని బాలుడు మన ప్రాంతమున నుండడు. 2023వ సంవత్సరము జూలై 8వ తేదీన కాజీపేటలో రైల్వే నిర్మాణశాలకు శంకుస్థాపన జరిగినది. వ్యాగనుల నిర్మాణము అప్పుడు దాని ముఖ్యోద్దేశముగా నుండెను. ఇట్టి చోట పెరుగు పిల్లలు రైలుపెట్టె ఎట్లు కట్టబడునో తెలిసికొనుట వినోదమే గాక ప్రయోజనము కూడ.

ఇచ్చట ఒక మాటను సరిచేసికొనవలెను. మనము వాడుకలో ప్రయాణికుల పెట్టెనే బోగీ యందుము. రైల్వేవారి భాషలో బోగీ యనగా పెట్టె కాదు. పెట్టె క్రింద రెండు ఇరుసులును నాలుగు చక్రములును గలిగి, మలుపులలో తనంతట తాను తిరుగు చిన్న చట్రము. ఒక్కొక్క పెట్టెకు ఇట్టి బోగీలు రెండుండును. ఈ వ్యాసమున బోగీ యను మాటను ఈ యర్థముననే వాడెదను.

నమూనా యనగా నేమి?

ఆటబొమ్మకును నమూనాకును భేదము కలదు. ఆటబొమ్మ రైలును తలపించిన చాలును. నమూనా రైలునకు లెక్క చెప్పవలెను. అసలు వస్తువులోని ప్రతి కొలతను ఒకే సంఖ్యచేత భాగించి తయారుచేసినదే నమూనా. పొడవును ఒక సంఖ్యతోను, ఎత్తును మరియొక సంఖ్యతోను భాగించిన యెడల అది వికటచిత్రమగును.

జర్మనీ దేశపు మార్క్లిన్ అను బొమ్మల సంస్థవారు 1891లో తమ బొమ్మ రైలుపట్టాలకు అంకెలతో వరుసగా పరిమాణములు ఏర్పరచిరి. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ యను నాయన 1901లో మెకానో యను కూర్పు సామానునకు హక్కుపత్రము పొంది, 1920లో హార్న్‌బీ రైళ్లను అమ్మసాగెను. నేడు లోకమున విరివిగా వాడబడు పరిమాణమునకు హెచ్.ఓ. అని పేరు. సున్నా యను పరిమాణములో సగమని ఆ పేరున కర్థము. ఇందు అసలు వస్తువు 87 మి.మీ. ఉన్నచో నమూనా 1 మి.మీ. ఉండును, దీనిని 1:87 అని వ్రాయుదురు. ఇంగ్లండులో 1:76 పరిమాణము కూడ వాడుకలో నున్నది. రెండును ఒకే వెడల్పుగల పట్టాలపై నడచును గాన, కొనువారు పెట్టెపై వ్రాసిన సంఖ్యను చూడక రెండింటిని కలిపిన యెడల ఒక పెట్టె ప్రక్క మరియొకటి తమ్ముని ప్రక్కనున్న అన్నవలె నిలుచును.

ఒక ఉదాహరణము. మద్రాసు పెరంబూరులో 1955 అక్టోబరు 2వ తేదీన ప్రారంభమైన కర్మాగారమున చిరకాలము తయారైన నీలిరంగు పెట్టెలను మనమందరము చూచితిమి. 2018లో ఆ కర్మాగారమున వాటి నిర్మాణము ముగిసినది. అట్టి పెట్టె పొడవు 21,337 మి.మీ., వెడల్పు 3,245 మి.మీ. వీనిని 87 చేత భాగించిన పొడవు 245 మి.మీ., వెడల్పు 37 మి.మీ. కొంచెము పైన. అనగా డెబ్బది యిద్దరు పడుకొని పయనించుటకు వీలైన చోటు వంటింటి గరిటె పొడవు లోపల ఇమిడినది! ఈ భాగహారమును పలకపై చేసినపుడు విద్యార్థికి విసుగు పుట్టవచ్చును. అదే భాగహారమును చేతితో కోసి నిలబెట్టినపుడు విసుగుండదు.

కిట్టులో నేమి యుండును?

నమూనా పెట్టెలను కూర్చుకొనుటకు వీలుగా విడిభాగములతో అమ్ముదురు. దీనినే కిట్టు అందురు. గూడ్సు పెట్టె కిట్టులో సామాన్యముగా రెండు ప్రక్క పలకలు, రెండు చివరి పలకలు, అడుగు పలక, క్రింది చట్రము, రెండు బోగీ చట్రములు, ఇరుసులతో కూడిన చక్రములు నాలుగు జతలు, రెండు కప్లింగులు, మరలు, అంకెలు అక్షరములు గల అంటుకాగితము, ఒక సూచనల పత్రము ఉండును. ప్లాస్టికు భాగములు ఆకులు రెమ్మకంటియున్నట్లు ఒక చట్రమునకు అంటియుండును. వానిని చేతితో విరువరాదు. విరిచిన చోట తునక పోవును, లేదా ముక్క మిగులును. సన్నని కటింగు ప్లయరుతో కత్తిరించి, మిగిలిన మొటిమను ఆకురాయితో మెల్లగా నరుగదీయవలెను.

కిట్టు కొన్నవానికి పెట్టె లభించినదని భావించుట పొరపాటు. లభించినవి భాగములు మాత్రమే. వాని నడుమనుండు పొందికను ఏ అంగడియు అమ్మదు. అది చేతితో సాధింపవలసినది.

కావలసిన పనిముట్లు కొన్నియే: ఉక్కు కొలబద్ద, చిన్న మూలమట్టము, పదునైన చిన్న కత్తి, సన్నని ఆకురాయి, ఉప్పుకాగితము, పట్టకారు, చిన్న స్క్రూడ్రైవరు, కుంచెలు రెండు. కత్తిని ఎల్లప్పుడును శరీరమునకు ఎదురుగా గాక వెలుపలికి పోవునట్లు నడుపవలెను. కోయు చోటికి ముందు మరియొక చేయి ఉండరాదు. క్రింద తరగతులవారు పెద్దలు దగ్గరనుండగనే కత్తి పట్టవలెను. ప్లాస్టికు అంటించు ద్రవము మామూలు జిగురువంటిది కాదు. అది రెండు అంచులను కొంచెము కరగించి ఒకటిగా అతుకును. దాని ఆవిరి పీల్చుటకు తగినది కాదు, నిప్పునకు దగ్గర నుంచదగినదియు కాదు. కిటికీలు తెరచియుంచి పని చేయవలెను.

కూర్చు క్రమము

మొదట సూచనల పత్రమును ఏమియు అంటింపకయే ఆమూలాగ్రము చదువవలెను. తరువాత భాగములను లెక్కించి, సబ్బు కలిపిన నీటిలో కడిగి ఆరనీయవలెను. అచ్చునుండి తీయుటకు వాడిన నూనె వానిపై మిగిలియున్నచో రంగు పట్టదు.

అటుపై ప్రతి అతుకును జిగురు లేకుండ ఒకసారి జతపరచి చూడవలెను. ఇది నిదానముగ చేయవలసిన పని. ఒక ప్రక్క పలకను, ఒక చివరి పలకను మూలమట్టములో నానించి సరియైన లంబకోణము వచ్చినదో లేదో చూచిన తరువాతనే అంటింపవలెను. మొదటి మూల ఒక డిగ్రీ తప్పినచో రెండవ మూలయందు ఆ తప్పు రెట్టింపగును. నాల్గవ మూలయందు పలకలు కలియనే కలియవు. అపుడు బలవంతముగా వంచి అతికించిన పెట్టె మెలిపడును. మెలిపడిన పెట్టెకు నాలుగు చక్రములు పట్టాపై నున్నచో మిగిలిన నాలుగు గాలిలో నుండును. రంగు ఎంత చక్కగా వేసినను ఆ మెలి పోదు. చూచు కన్ను మోసపోవచ్చును గాని పట్టా మోసపోదు.

రంగును ఒక్కసారిగ దట్టముగ వేయక, పలుచగ రెండు మూడు పూతలు వేయవలెను. ఒక పూత పూర్తిగా ఆరిన పిమ్మటనే మరియొకటి. చివర అంకెల అంటుకాగితమును నీటిలో కొన్ని క్షణములు నానబెట్టినచో పైనున్న పొర జారును. దానిని కుంచెతో పెట్టెపైకి జరిపి, మెత్తని గుడ్డతో నీటిని అద్దివేయవలెను.

మూడు కాళ్ల పీట

నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేలపై ఊగును; మూడు కాళ్ల పీట ఎచ్చట వేసినను ఊగదు. మూడు బిందువులగుండ ఎప్పుడును ఒక సమతలము పోవునను రేఖాగణిత సత్యమే దీనికి కారణము. నమూనా పెట్టెలను కూర్చువారు ఈ సత్యమును వాడుకొందురు. ఒక బోగీ మరను అది అటునిటు తిరుగుటకు మాత్రమే వీలగునట్లు బిగింతురు. రెండవ బోగీ మరను కొంచెము వదులుగా నుంచి, అది తిరుగుటయే గాక ప్రక్కలకు ఒరుగుటకు కూడ వీలు కల్పింతురు. అందుచేత పెట్టె మూడు చోట్ల ఆనినట్లయి, పట్టాలు కొంచెము ఎగుడుదిగుడుగా నున్నను ఎనిమిది చక్రములు వానిని విడువవు. రెండు మరలను గట్టిగ బిగించినవాడు తన పెట్టె ఎందుకు పట్టా తప్పుచున్నదో తెలియక పట్టాను నిందించును.

బరువు సంగతి

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. పొడవును 87 చేత భాగించితిమి. బరువును కూడ 87 చేతనే భాగింపవలెనా? కాదు. పొడవు 87వ వంతైనపుడు వైశాల్యము 87ను 87 చేత గుణింపగా వచ్చు 7,569వ వంతగును. ఘనపరిమాణము 6,58,503వ వంతగును. బరువు ఘనపరిమాణము వెంట పోవును.

బొగ్గు మోయు బాక్స్-ఎన్ వ్యాగనును తీసికొందము. పైకప్పు లేని ఆ ఎత్తైన పెట్టె లోపలి పొడవు 9,784 మి.మీ., వెడల్పు 2,950 మి.మీ., లోతు 1,950 మి.మీ. దాని నాలుగు ఇరుసులలో నొక్కొక్కటి 20.32 టన్నులు మోయునట్లు మొదట నిర్ణయింపబడినందున, నిండు బరువు 81.28 టన్నులు. ఖాళీ బరువు సుమారు 22.5 టన్నులు. ఈ బరువులను 6,58,503 చేత భాగించిన నిండు నమూనా 123 గ్రాములు, ఖాళీ నమూనా 34 గ్రాములు తూగవలెను. ఎనుబది యొక్క టన్నుల వ్యాగను చేతిలోని జామపండంత బరువైనది!

అయితే 34 గ్రాముల పెట్టె బండి నడుమనున్నచో, ముందునుండి ఇంజను లాగునపుడు మలుపులో లోపలివైపునకు ఒరిగి పట్టా తప్పును. అమెరికాలో 1935లో స్థాపింపబడిన జాతీయ నమూనా రైల్వే సంఘమువారు దీనికొక నియమము సూచించిరి. హెచ్.ఓ. పెట్టెకు మొదట ఒక ఔన్సు, అనగా 28 గ్రాములు. ఆపై పొడవులో ప్రతి అంగుళమునకు అర ఔన్సు, అనగా 14 గ్రాములు. మన వ్యాగను నమూనా పొడవు 112 మి.మీ., అనగా నాలుగు అంగుళములకు పైన. లెక్కవేసిన సుమారు 90 గ్రాములు వచ్చును. కావున పెట్టె అడుగున ఇనుప నట్లను అంటించి కిరాణా త్రాసులో తూచి ఈ బరువు తేవలెను. బరువు అడుగున నుండవలెను గాని పైన నుండరాదు; రెండు బోగీలకును సమముగా పంచబడవలెను.

చక్రపు వాలు

రైలు చక్రము చూచుటకు స్తంభాకారముగా కనబడును గాని నిజమునకు కొంచెము శంకువు వలె వాలియుండును. మన రైల్వేలలో ఆ వాలు 20కి 1 వంతు. లోపలి అంచు దగ్గర వ్యాసము ఎక్కువ, వెలుపల తక్కువ. రెండు చక్రములు ఒకే ఇరుసునకు బిగింపబడి కలిసియే తిరుగును. మలుపులో వెలుపలి పట్టా పొడవైనది, లోపలిది పొట్టిది. అపుడు ఇరుసు కొంచెము వెలుపలికి జరుగును. వెలుపలి చక్రము తన పెద్ద వ్యాసముపైనను, లోపలి చక్రము తన చిన్న వ్యాసముపైనను దొర్లి, రెండును తమ తమ దూరములను ఒకే కాలమున గడచును.

దీనిని ఇంటిలో పరీక్షింపవచ్చును. టీ త్రాగు కాగితపు కప్పులు రెంటిని మూతికి మూతి చేర్చి అంటింపుము. రెండు కర్రలను సమాంతరముగ, కొంచెము వాలుగ నుంచి వానిపై దొర్లింపుము. ప్రక్కకు జరిగినను అది తనంతట తాను నడిమికి వచ్చును. మరి రెండు కప్పులను అడుగునకు అడుగు చేర్చి అంటించి దొర్లింపుము. అది వెంటనే ప్రక్కకు పోయి పడిపోవును. ఈ రెండు పరీక్షలను చేసినవాడు పాఠమును మరువడు.

ఎచ్చట రాజీపడవలెను?

నమూనాలో సమస్తమును సరియైన కొలతకు తెచ్చుట సాధ్యము కాదు. మన దేశపు బ్రాడుగేజి పట్టాల నడుమ దూరము 1,676 మి.మీ. దానిని 87 చేత భాగించిన 19.3 మి.మీ. వచ్చును. కాని అంగళ్లలో దొరకు హెచ్.ఓ. పట్టాల దూరము 16.5 మి.మీ.; అది అమెరికా, ఐరోపాలలో వాడుకలోనున్న 1,435 మి.మీ. పట్టాకు సరిపడినది. అట్లే మన బ్రాడుగేజిలో మిక్కిలి కురుచ మలుపునకు వ్యాసార్థము 175 మీటర్లు. 1:87లో అది 2 మీటర్లగును. పూర్తి వలయము వేయుటకు నాలుగు మీటర్ల గది కావలెను. కావున నమూనా పట్టాలను ఇంతకంటె ఎంతో కురుచగా వంతురు.

ఇట్టి రాజీలు తప్పు కాదు. తెలియక రాజీపడుట తప్పు. ఏ కొలతను మార్చితిమో, ఎందుకు మార్చితిమో చెప్పగలవాడు నమూనాకారుడు. చెప్పలేనివాడు బొమ్మ చేసినవాడు. ఐతే ఒక కొలత విషయమున మాత్రము ఎవ్వరును స్వేచ్ఛ పుచ్చుకొనరాదు. అది ఒక పెట్టె మరియొక పెట్టెను పట్టుకొను చోటు. దానిని గూర్చి చెప్పుటకు ముందు, కిట్టు కొనలేని పిల్లలకు మార్గము చూపవలసియున్నది.

అట్ట వ్యాగను

విదేశములనుండి వచ్చు కిట్లు వెలగలవి. మన విద్యార్థులలో ననేకుల తల్లిదండ్రులు వానిని కొనజాలరు. కొనవలెనని పిల్లలు మారాము చేయుటయు తగదు. అట్టతో చేసిన వ్యాగను కిట్టుతో చేసినదానికి ఏ విధముగను తక్కువ కాదు. కొలతలన్నియు చేయువాడే కనుగొనవలసియుండుటచే దీనివలన కలుగు విద్య ఎక్కువ.

పై వ్యాగనునే చేయుదము. నోటుపుస్తకపు గట్టి అట్టపై లోపలి కొలతలుగా పొడవు 112.5, వెడల్పు 34, లోతు 22.5 మి.మీ. గీసి కోసి, మూలమట్టముతో సరిచూచి కూర్చవలెను. ప్రక్కల నిలువు బద్దలకు అగ్గిపుల్లలు చాలును. అడుగు పలకకు తేలికైన కర్ర మేలు. నిర్మల కొయ్యబొమ్మలకును, కొండపల్లి బొమ్మలకును వాడు తెల్లపొణికి కర్ర మెత్తనిది, చిన్న కత్తికే లొంగును. కొండపల్లి మన కాజీపేటనుండి విజయవాడకు పోవు దారిలోనే యున్న స్టేషను. అచ్చటి పనివారు రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపి మక్కు చేసి అతుకులను పూడ్చుదురు. మన అట్టపెట్టె సందులను పూడ్చుటకు కూడ అది చక్కగా నక్కరకు వచ్చును.

చక్రముల మాట. అసలు చక్రపు వ్యాసము 1,000 మి.మీ.; నమూనాలో 11.5 మి.మీ. మామూలు చొక్కా గుండీ వ్యాసము దాదాపుగా ఇంతే! ఎనిమిది పాత గుండీలు, నాలుగు వెదురు పుల్లలు ఉన్నచో నాలుగు ఇరుసులు సిద్ధము. ఒక్కొక్క బోగీలో ఇరుసుల నడుమ దూరము 2,000 మి.మీ., అనగా 23 మి.మీ. రెండు బోగీల కేంద్రముల నడుమ 6,524 మి.మీ., అనగా 75 మి.మీ. గుండీ చక్రమునకు పట్టాను పట్టు అంచు లేదు గాన అది పట్టాపై నిలువదు. బల్లపై రెండు బద్దల నడుమ దొర్లును. గోధుమవన్నె కలసిన ఎరుపురంగు వేసి, నలుగగొట్టిన కట్టెబొగ్గు నింపిన యెడల, సింగరేణి వ్యాగనని గుర్తింపనివారుండరు.

పలువురి పని ఒక బండి యగుట

అసలు వ్యాగనులలో కప్లింగు ఎత్తునకు కఠినమైన నియమము కలదు. ఖాళీ పెట్టెకు పట్టా మీదినుండి 1,105 మి.మీ. మించరాదు, నిండు పెట్టెకు 1,030 మి.మీ. తగ్గరాదు. ఏ కర్మాగారమున తయారైనను, ఏ రాష్ట్రమునుండి వచ్చినను, ఈ 75 మి.మీ. నడుమనే అన్ని పెట్టెలును ఒకదానినొకటి కలిసికొనవలెను. అందుచేతనే ముక్కు మొగము ఎరుగని పనివారు వేరువేరు చోట్ల కట్టిన పెట్టెలు కాజీపేట యార్డులో ఒక బండి కాగలుగుచున్నవి. నమూనాలో ఈ కొలతలు 12.7 మి.మీ., 11.8 మి.మీ. అగును. తప్పునకు మిగిలిన తావు ఒక మిల్లీమీటరుకంటె తక్కువ.

సామాన్య ప్రమాణము లేనిచో నేమి యగునో మన దేశ చరిత్రయే చూపినది. సికింద్రాబాదునకు ఒకవైపు బ్రాడుగేజి దారియు, మన్మాడు వైపునుండి మీటరుగేజి దారియు వచ్చుచుండెను. ఒక దారిపై వచ్చిన పెట్టె రెండవదానిపై పోజాలదు. పెట్టెలు బాగుగ నుండెను, ఇంజనులు బాగుగ నుండెను. అయినను ఒక దారినుండి రెండవ దారికి పోవలసిన సరకును కూలీలు మోసి మార్చవలసి వచ్చెను. దేశమందు ఒకే గేజి ఏర్పరచు ప్రయత్నము 1992లో పెద్దయెత్తున ఆరంభమై, అనేక దారులను త్రవ్వి మరల వేయవలసి వచ్చినది. వేరువేరుగ మంచివైన రెండు పనులు కలియనేరక పోయినందులకు చెల్లించిన మూల్యమది.

కావున ఈ సెలవులలో మన విద్యార్థులకు ఒక సూచన చేయుచున్నాను. ఇష్టమైనవారు ఒక్కొక్క బాక్స్-ఎన్ వ్యాగనును 1:87 పరిమాణమున చేసి, పాఠశాల తెరచు దినమున తీసికొనిరావలెను. కిట్టుతో చేయుదురో, అట్టతో చేయుదురో, ఏ రంగు వేయుదురో, బొగ్గు నింపుదురో, ఖాళీగ నుంచుదురో అది మీ యిష్టము. కాగితములకు తగిలించు క్లిప్పు తీగతో కొక్కెము చేసి, దాని ఎత్తు మాత్రము బల్ల మీదినుండి 12.5 మి.మీ. ఉండునట్లు చూడవలెను. అసలు గూడ్సు బండిలో ఇట్టి వ్యాగనులు సాధారణముగా 58 వరకు ఉండును. కప్లింగులతో కలిపి ఒక్కొక్క దాని పొడవు 10,713 మి.మీ.; అనగా నమూనాలో 123 మి.మీ. అందరును తెచ్చి కలిపినచో ఏడు మీటర్ల బండి యగును. మన వరండాలో బల్లలు వరుసగ వేసిన చాలును. మొదటి పెట్టెను ఒకరు మెల్లగ లాగుదురు. కొక్కెము ఎత్తు తప్పిన పెట్టె ఒక్కటి నడుమ నున్నను దాని వెనుకనున్నవన్నియు కదలవు. ఆ పెట్టె ఎంత అందమైనదైనను అంతే. పదియవ తరగతివాని పెట్టె వెనుక ఆరవ తరగతి బాలిక పెట్టె కదలినచో, వారిరువురు ఒకే కొలతకు విధేయులైరన్నమాట.

తల్లిదండ్రులకు మనవి

ఇది పరీక్షలకు పనికివచ్చునా యని మీరడుగవచ్చును. నిష్పత్తి, వైశాల్యము, ఘనపరిమాణము, గరిమనాభి, శంకువు, ఇవన్నియు పాఠ్యపుస్తకములలో నున్నవే. కాని నేనందుకై ఈ పనిని మెచ్చుట లేదు. చేతిపని తక్కువ పనియను భావము మన యిండ్లలో ఇంకను పోలేదు. నజరేతు గ్రామమున వడ్రంగి యింట పెరిగిన ప్రభువును కొలుచు మన పాఠశాలలో ఆ భావమునకు తావుండరాదు. పిల్లవాడు రెండు గంటలసేపు ఫోను ముట్టక మూలమట్టముతో ఒక మూలను సరిచేయుచున్నచో అతడు కాలము వృథా చేయుట లేదు.

మరియొక మనవి. పిల్లల పనిని మీరు చేసిపెట్టకుడు. కత్తి పట్టునపుడు దగ్గర నుండుడు. తూచునపుడు త్రాసు నిచ్చి సహాయపడుడు. ఎత్తు సరిగా నున్నదో లేదో వారినే కొలిచి చూపుమనుడు. తప్పినచో ఊడదీసి మరల చేయనిండు. తండ్రి చేసిన నున్నని పెట్టెకంటె కుమార్తె చేసిన గరుకు పెట్టె మేలు. పైమెరుగు ఒక్కొక్కరి చేతినిబట్టి యుండును. అందు హెచ్చుతగ్గులు సహజము. కాని పదిమందితో కలియవలసిన చోట కొలత తప్పకుండుట ఎవరికైనను సాధ్యమే. చిన్నవారికి కూడ సాధ్యమే. ఈ సెలవులలో మన పిల్లలు ఆ భేదమును చేతులతో గ్రహించినచో మిగిలిన విద్య దానంతట వచ్చును.

అభ్యాసములు

1. బాక్స్-ఎన్ వ్యాగను లోపలి ఘనపరిమాణమును ఘనమీటర్లలో కనుగొనుము. నమూనాలో అది ఎన్ని ఘనసెంటీమీటర్లగును?

2. బ్రాడుగేజి 1,676 మి.మీ. అయినచో 1:76 పరిమాణమున పట్టాల నడుమ దూర మెంత?

3. నమూనా రైల్వే సంఘము సూచించిన నియమము ప్రకారము, 245 మి.మీ. పొడవుగల ప్రయాణికుల పెట్టె నమూనా ఎన్ని గ్రాములుండవలెను?

4. నీ యింటిలోని నాలుగు కాళ్ల వస్తువులలో ఊగునవెన్ని? వాని క్రింద ఏ కాలికి ఎంత మందముగల అట్ట పెట్టిన ఊగుట మానునో కొలిచి వ్రాయుము.